పోటీ లేని వంతెన

"బ్రిడ్జి కట్టేవాళ్లకి ఈత వస్తుందా?" అని లాంచీలో టికెట్లిచ్చే అమ్మాయి అడిగినప్పుడు, ఏటి మీద వంతెన కట్టడానికి కొత్తగా వచ్చిన కంపెనీ ఇంజనీరు అంచున నిలబడి ఉన్నాడు. రాదన్నాడు.

"అయితే లోపలికొచ్చి కూర్చోండి. మీరు పడితే దూకాల్సింది మా నాన్నే" అంటూ టికెట్ చింపి చేతిలో పెట్టింది.

లాంచీ నడిపే సరంగు ఆమె తండ్రి. ఆరోజు నుంచి ఇంజనీరు పేరు 'బ్రిడ్జిగారు' అయిపోయింది. ముసురు పట్టిన ఏటి మీద, తడిసిన చున్నీ పిండుకుంటూ ఆమె విసిరే చెణుకులన్నీ అతను సైటుకి మోసుకుపోయి, పని మధ్యలో తలుచుకుని నవ్వుకునేవాడు.

స్తంభాలు లేచాక, ఒక మీటింగులో ఒప్పందంలోని షరతు అతని చెవిన పడింది. వంతెన ప్రభుత్వానిదే అయినా పెట్టుబడి కంపెనీది. అది టోలు రూపంలో తిరిగి రావాలి. పక్కనే చవగ్గా లాంచీ తిరుగుతుంటే టోలు ఎవరు కడతారు? అందుకని వంతెన తెరిచిన రోజే రేవు మూసెయ్యాలి. ఆ హామీ లేకపోతే బ్యాంకులు అప్పే ఇవ్వవట. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ రేవు మూస్తే ఆ తండ్రీకూతుళ్ల బతుకుతెరువు పోతుంది.

కనీసం నడిచిపోయేవాళ్ల కోసమైనా లాంచీని ఉండనివ్వమని అడిగాడు. కంపెనీ ప్రభుత్వాన్ని అడగమంది. ప్రభుత్వం ఒప్పందం చూసుకోమంది.

ఇక దాచలేక ఆమెకు చెప్పేశాడు. ఆమె టికెట్ చింపి అతని చేతిలో పెట్టింది.

"అంటే ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసుకెళ్లి, మా గొయ్యి మేమే తవ్వుకున్నామన్నమాట."

ఆ తరువాత అతనికి టికెట్ చింపేదే గాని నోరు విప్పేది కాదు.

వంతెన తెరిచారు. లాంచీని ఒడ్డున కట్టేశారు. టోలుగేటులో ఉద్యోగమిస్తామంటే ఆమె వద్దంది. ఇంజనీరును కంపెనీ ఇంకో వంతెన పనికి పొమ్మంది. బయల్దేరాల్సిన రోజు అతను జోరువానలో రేవుకు వెళ్లాడు. తండ్రీకూతుళ్లిద్దరూ కదలని లాంచీలో కూర్చుని ఉన్నారు.

సరంగు ముందు నిలబడి, మీ అమ్మాయంటే నాకిష్టమని, తను ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటానని తడబడుతూ చెప్పాడు. సరంగు కూతురి వంక చూశాడు. ఆమె కాదనలేదు. తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

"లాంచీ పోయింది. ఇప్పుడు పిల్లని కూడా పట్టుకుపోతావా బాబూ?"

"లేదండీ. ఆ పనికి రానని చెప్పేశాను. ఇల్లరికం వస్తాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఉద్యోగం లేని అల్లుడు, లాంచీ లేని మామ. బాగానే కుదిరింది" అంది.

సరంగు నవ్వలేదు. బల్ల మీద కాస్త పక్కకి జరిగి, తడవకుండా వచ్చి కూర్చోమన్నాడు.