ఒంటిచేతి ముడి

తాడు వదులవుతోంది.

ఆమె లాగుతూనే ఉంది. అయినా వదులవుతోంది.

అంటే... కింద బావ తను లాగేదానికన్నా వేగంగా ఎక్కుతున్నాడు!

నిట్టనిలువు కొండ. మధ్యలో మూరెడు వెడల్పు అరుగు. కింద మూడొందల అడుగుల ఖాళీ. చీకటి ముసురుకుంటోంది.

గంట క్రితం, కింది అరుగు మీద, ఒకే ఒక్క మాట అడిగింది.

"అక్క పడిపోయిన రోజు ఫోటోలో ఉన్న ముడి నీదే కదా బావా?"

అక్క మొగుడు "పైకి పద" అన్నాడు. అంతే.

తప్పు ముడి వేసుకుని అక్క తనే జారిపడి చనిపోయిందని రిపోర్టు. అలా రాయించింది బావే. క్లైంబింగ్ స్కూల్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ మాటకి ఎదురేముంది? ఇప్పుడు కొత్త బ్యాచ్‌లకి అక్క పేరు చెప్పి మరీ "ఇలా కట్టకండి" అంటున్నారు.

కానీ అక్క తనను రాతికి కట్టుకోవాలంటే ఎనిమిది అంకెలా ఉండే ముడే వేసేది. "పొడవు సర్దుకోవాలంటే రెండు మెలికల క్లోవ్ హిచ్ ముడి. ప్రాణం ఆనించాలంటే ఎనిమిది" అనేది.

ఫోటోలో ఉన్నది క్లోవ్ హిచ్. అదీ రెండో మెలిక తిరగబడింది. తిరగబడితే ఆ ముడి బిగుసుకోదు... జారుతుంది.

తొందరలో ఒంటిచేత్తో కడితే బావకి అలాగే వస్తుంది. మళ్ళీ చూసుకుని సరిచేసుకుంటాడు. తను మూడేళ్ళుగా గమనిస్తోంది. చీఫ్‌కి చెప్పేంతదాన్నా అని నోరు మూసుకుంది.

అరుగు అంచున వెలుతురు. హెల్మెట్ లైటు. దాని కింద బావ మొహం.

ఆమె చేతులు తాడు కుప్పలో గబగబా ఏదో సర్దాయి. ఒక వేలు భుజం మీది రేడియోని తాకింది.

"ఏంటి మరదలా, ఏం చేస్తున్నావ్?"

"తాడు చుడుతున్నా."

బావ తన నడుముకున్న తాడుని ఎడమ చేత్తో తీసుకున్నాడు. కుడి చెయ్యి వీపు వెనకే ఉంది. రాతికి బిగించిన కొక్కేనికి ఒంటిచేత్తో ముడి వేశాడు.

రెండో మెలిక... తిరగబడింది.

"ముడి ఒకసారి చూసుకో బావా."

"నాకు నేర్పుతున్నావా?"

"చూసుకో అంటున్నా."

"మీ అక్కాచెల్లెళ్ళకి నోరు ఊరుకోదు. నా తాడు వదిలెయ్."

వదిలేసింది.

కుడి చెయ్యి ముందుకొచ్చింది. కత్తి!

"ఫోటో ఎవరికి చూపించావ్?"

"ఎవరికీ లేదు."

"మంచి పని చేశావ్."

"అక్కకి కట్టింది నువ్వేనా?"

"చలికి దాని వేళ్ళు కొంకర్లు పోయాయి. నేనే కట్టా. అయితే? ఒక్క ముడి కోసం ఇరవై ఏళ్ళ పేరు మంటగలుపుకోవాలా?"

ఆమెని రాతికి కట్టి ఉంచిన పట్టీ అతని చేతికి కొంచెం దూరంలో ఉంది. దాన్ని కొయ్యాలని అరుగు అంచు బయటికి వాలాడు. బరువంతా తన ముడి మీద వేశాడు.

జర్ర్... ర్ర్...

మొహంలో నవ్వు ఇంకా చెదరనే లేదు. మనిషి లేడు!

రెండు నిలువుల కింద దభీమని శబ్దం. తాడు కర్రలా బిగుసుకుంది. కత్తి రాళ్ళకి తగులుతూ, తగులుతూ... ఎక్కడో పడింది.

భుజం మీద రేడియో గరగరలాడింది. కింద క్యాంపులో రెస్క్యూ టీమ్ లీడర్. "మొత్తం విన్నాం. వస్తున్నాం. కదలకు."

కింద తాడుకి వేలాడుతున్నాడు బావ. గొంతు పీలగా వచ్చింది.

"పట్టుకో మరదలా... గట్టిగా పట్టుకో..."

"నేనేం పట్టుకోలేదు బావా. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి."

బావ హెల్మెట్ లైటు పైకి తిరిగింది.

"మరి... నేను దేని మీద ఆగాను?"

తాడు కుప్పని పక్కకి జరిపింది. ఇంకో కొక్కేనికి, ఇందాక అతను అంచు ఎక్కుతుండగా అతని తాడుతో తను వేసిన ముడి. బరువుకి బిగిసి రాయిలా ఉంది.

"ఎనిమిది మీద. అక్క నేర్పిందే."