ఎగువన కదిలిన రాళ్లు

నదికి నాడి చూడటం ఆవిడ ఉద్యోగం. ఆరుచోట్ల నీళ్లలో దిగి, అడుగున రాళ్ల కింద ఏ పురుగులు బతుకుతున్నాయో చూసి, నది కోలుకుంటోందో లేదో రాయాలి. అది ఇద్దరి పని. ఒకరు ఎగువన నిలబడి కాళ్లతో రాళ్లు కదపాలి, రెండోవాళ్లు దిగువన, కొట్టుకొచ్చే పురుగులకి వల పట్టాలి. సరిగ్గా మూడు నిమిషాలు.

తొమ్మిదేళ్లు రాళ్లు కదిపింది ఆవిడతోపాటు పనిచేసే పెద్దాయనే. ఆవిడ "చాలు" అనగానే ఠక్కున ఆగేవాడు. కిందటి చలికాలం ఆయన పోయాడు. ఆఫీసువాళ్లు ఆయన బదులు ఇంకెవర్నీ వెయ్యలేదు. ఇంట్లోనూ ఆవిడ ఒక్కతే. పొద్దుట్నుంచీ ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదని ఆఖరి చోటికి వచ్చాక గుర్తొచ్చింది.

మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీకి దిగువ చోటది. నీళ్లు తుప్పు వాసన కొడతాయి. మూడేళ్లుగా ఆ అడుగున ఒక్క ప్రాణీ దొరకలేదు. ఈసారీ లేకపోతే అక్కడ నది చచ్చిందని రాసి, ఇక చూడటమే మానేస్తారు. సాయంత్రం నాలుగున్నరకే పొగమంచు కమ్మేసింది. అవతలి గట్టు కనబడటం లేదు.

మోకాలి లోతులో దిగి వల ఆనించింది. తనే కదిపి తనే పట్టుకోవాలి. ఇంకా కాలు ఎత్తనే లేదు, ఎగువనుంచి బురద తేలుతూ వచ్చింది.

ఆ బురద వెనకే చప్పుడు. నీళ్ల కింద రాయి మీద రాయి దొర్లుతోంది. నాలుగడుగులు కుడికి, నాలుగడుగులు ఎడమకి. అచ్చం పెద్దాయన పద్ధతి.

భయం వెయ్యలేదు. వల బరువెక్కుతోంది. అలవాటుకొద్దీ గడియారం చూస్తూ మూడు నిమిషాలూ నిలబడింది. ఏడాదిగా ఆవిడ ఒంటరిగా లేనిది ఆ మూడు నిమిషాలే.

"చాలు పెద్దాయనా," అంది మెల్లగా.

ఆగలేదు.

"చాలు..."

రాళ్లు దొర్లుతూనే ఉన్నాయి. ఇప్పుడు కుడికీ ఎడమకీ కాదు... తిన్నగా. ఆవిడ వైపే. నీళ్ల పైన ఏమీ లేదు. అడుగున మాత్రం ఒక్కో రాయే పక్కకి తప్పుకుంటోంది... ఒకటి వచ్చి ఆవిడ బూటుకి తగిలింది.

ఆయన కాదు.

ఎలా గట్టెక్కిందో ఆవిడకే తెలీదు. వల మాత్రం వదల్లేదు. కారులో లైటు వేసి చూస్తే, వలనిండా నల్లటి పురుగులు, గింజలంత, వందలకొద్దీ. సీసాలోకి దులిపి, అవి చచ్చి కుళ్లకుండా ఉండేందుకు నిండా స్పిరిట్ పోసి మూత బిగించింది.

మర్నాడు సీసా ల్యాబులో ఇచ్చి ఇంటికెళ్లి పడుకుంది. మధ్యాహ్నం ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది. ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి, అవి నిన్న స్పిరిట్‌లో వేసినవేనా అని అడిగింది. అవునంది ఆవిడ.

"ఇంకా కదులుతున్నాయక్కా."

ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. ల్యాబు అమ్మాయే మళ్లీ అందుకుంది.

"అన్నీ సీసాకి ఒకే పక్క చేరుతున్నాయి. సీసా తిప్పి పెట్టినా మళ్లీ అటే పోతున్నాయి. అటు ఏముందా అని కిటికీలోంచి చూశాను..."

"ఏముంది?"

"ఏమీ లేదు. మీ ఇల్లు అటువైపేగా, అక్కా?"