మెతుకు పడని కడుపు

ఆదివారం పొద్దున్నే విజయదుర్గ కూతురి యూనిఫాం స్కర్టు హుక్కుతో కుస్తీ పడుతోంది. ఊపిరి బిగబట్టమంది, పొట్ట లోపలికి లాక్కోమంది, రెండు చేతులా గుంజింది. హుక్కు ఊడి వెళ్ళి వాషింగ్ మిషను కింద పడింది. ఈ గల్ఫు దేశంలో సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం బడే; కింద స్కూలు బస్సు హారన్ కొడుతోంది. హడావుడిగా పిన్నీసు పెడుతుంటే ఆవిడ నోటి వెంట ఒక మాట వచ్చేసింది.

"ఛీ, ఏం ఒళ్ళే ఇది."

పదకొండో తరగతి చదువుతున్న జ్యోతిలక్ష్మి తల వంచుకుని బ్యాగు తగిలించుకుంది. నాయనమ్మ పేరుతో పాటు ఆవిడ ఓర్పు కూడా వచ్చిందని అందరూ మెచ్చుకునే పిల్ల. టిఫిన్ డబ్బా బల్ల మీదే వదిలేసి బస్సెక్కింది. మరిచిపోయిందనుకుంది విజయదుర్గ.

నిజానికి ఆవిడ కోపం పిల్ల మీద కాదు. కోపం, రోత, అసహ్యం అన్నీ కట్టగట్టి హవల్లీలో ఉన్న ఒక చైనీస్ హోటలు మీద. మొగుడు కుక్కుటేశ్వరరావుకి హవల్లీలోనే ఒక కంపెనీ స్టోరులో ఉద్యోగం. వారానికి మూడు రోజులు పిల్లకి ట్యూషన్ కూడా ఆ పక్కనే. ట్యూషన్ అవగానే తండ్రీకూతుళ్ళు ఆ హోటల్లో నూడుల్సు తిని, ట్రాఫిక్‌లో పడి ఫింటాస్‌లో ఇంటికి చేరేసరికి ఏడున్నర దాటుతుంది. వస్తూ వస్తూ ఆ సోయా సాసు కంపంతా ఆయన చొక్కాకి అంటించుకుని వస్తాడు. ఆ చొక్కాని విజయదుర్గ రెండు వేళ్ళతో పట్టుకుని బకెట్లో పడేస్తుంది.

మూడేళ్ళ కిందట ఒకే ఒక్కసారి ఆవిడా ఆ హోటలుకి వెళ్ళింది. పళ్ళెంలో నూడుల్సు చూడగానే చిన్నప్పుడు అమలాపురంలో తమ్ముడికి నులిపురుగుల మందు పట్టించిన మర్నాడు గుర్తొచ్చింది. అచ్చం ఏలికపాములే. పక్కన ఎర్రరంగు పూసిన గోబీ ముక్కలు, వాటి చుట్టూ చీమిడిలా సాగే గుజ్జు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని చేతిరుమాల్లోకి ఉమ్మేసి, బయట కారు పక్కన నిలబడి ఓకరించింది. తండ్రీకూతుళ్ళు మాత్రం పళ్ళేలు ఖాళీ చేసి, ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ తీరిగ్గా వచ్చారు. ఆ గోబీ ముక్క ఎప్పుడో పోయింది గానీ ఆ నవ్వు మాత్రం ఆవిడకి ఇప్పటికీ అరగలేదు.

రెండేళ్ళుగా పిల్ల ఒళ్ళు చేస్తోంది. ఎందుకో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. పిన్ని కూతురు వాట్సాప్‌లో వీడియో పంపింది. చైనా వంటల్లో వేసే తెల్లపొడి కడుపులో పడితే మనిషి పూరీలా పొంగిపోతాడట. ఆ వీడియోని మొగుడికి నాలుగుసార్లు పంపింది. మరి చైనావాళ్ళు సన్నగానే ఉంటారు కదా అని ఆయన ఒకసారి అన్నాడు. ఆ పూట ఆయనకి పెరుగు వడ్డించలేదు.

ఊరికే తిట్టి ఊరుకునే మనిషి కూడా కాదు. ఆ చెత్త తినొచ్చిన పిల్లకి ఇంట్లో శుభ్రంగా భోజనం పెట్టడం ఆవిడ చేసే ప్రాయశ్చిత్తం. నూడుల్సు తింటే భోంచేసినట్టెలా అవుతుంది? మెతుకు పడని కడుపు కడుపే కాదని వాళ్ళమ్మ అంటూండేది. అందుకని ట్యూషన్ రోజుల్లో ఎనిమిదింటికి బల్ల మీద రెండు కంచాలు పెట్టేది, పిల్లకొకటి, తనకొకటి. వేడన్నం, ముద్దపప్పు, దాని మీద నెయ్యి, ఏదో ఒక వేపుడు, ఆఖర్న గడ్డపెరుగు. కుక్కుటేశ్వరరావు పొట్ట నిండిందని తప్పుకునేవాడు. జ్యోతి బుద్ధిగా కూచుని పెట్టినంతా తినేది. పిల్ల తినకపోతే తల్లీ తినదు, అది ఆ ఇంటి రూలు.

ఆ ఆదివారం సాయంత్రం జ్యోతి కంచం ముందు కూచోలేదు. ఆకలి లేదంది. సోమవారం ఇడ్లీ ముట్టుకోలేదు. మంగళవారం ఒక అరటిపండు తిన్నదేమో, అంతే. హోటల్లో కూడా ఏమీ తినట్లేదు, మంచినీళ్ళు తాగి కూచుంటోందని కుక్కుటేశ్వరరావు దిగులుగా చెప్పాడు. విజయదుర్గ నమ్మితేగా! ఇద్దరూ అక్కడ మెక్కి వచ్చి ఇక్కడ నాటకమాడుతున్నారని తేల్చేసింది. పిల్ల బ్యాగు వెతికింది. జామెట్రీ బాక్సు కూడా తెరిచి చూసింది, అందులో నూడుల్సు దొరుకుతాయన్నట్టు. నాలుగు సాయంత్రాలు రెండు కంచాలూ అలాగే ఎత్తేసి, పస్తు పడుకుంది.

గురువారం కుక్కుటేశ్వరరావు చేతిలో ఒక డబ్బాతో వచ్చాడు.

"ఏంటండీ అది?"

"నూడుల్సే. నిన్నట్నుంచీ మంచినీళ్ళు తప్ప పిల్ల ఏం ముట్టలేదు దుర్గా. ఇదన్నా తింటాదేమోనని."

విజయదుర్గ డబ్బా లాక్కుని మూత తీసింది. చల్లారి ముద్దకట్టిన నూడుల్సు, అంచుల వెంట పేరుకున్న నారింజరంగు నూనె, మధ్యలో బూడిదరంగు కోడిమాంసం ముక్కలు. చెత్తబుట్ట మూత కాలితో తొక్కి డబ్బా మొత్తం అందులో గుమ్మరించింది.

"పురుగుల్ని మేపడానికి ఇదేం కోళ్ళఫారం కాదు. దాని ఒళ్ళు చూశారా అసలు? చూస్తుంటే నాకే..."

మాట సగంలో ఆపింది. మొహం మాత్రం ఆగలేదు. డబ్బా చూసి చిట్లించిన ముక్కు చిట్లించినట్టే పిల్ల వైపు తిరిగింది. జ్యోతి ఆ మొహం చూసింది. గోడ పట్టుకుంది. మెల్లిగా నేల మీదకి జారిపోయింది.

కుక్కుటేశ్వరరావు ఉత్తికాళ్ళతో పై అంతస్తుకి పరిగెత్తాడు. అక్కడ ఉండే హుస్నాది రాయచోటి, ఒక క్లినిక్‌లో నర్సు. వేసుకున్న బట్టలతోనే, బీపీ మిషను సంచి పట్టుకుని దిగొచ్చింది. పిల్లని పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది, బీపీ చూసింది, వేలు గుచ్చి షుగరు చూసింది. జ్యోతి కళ్ళు తెరిచాక పంచదార నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. భయం లేదంది, కానీ పొద్దున్నే డాక్టరుకి చూపించి తీరాలంది. తర్వాత ఏం తింటోందని అడిగింది.

చైనీసు తిని తినే ఇలా తయారైందని విజయదుర్గ అందుకుంది. ఏడుస్తూనే ఆ వీడియో సంగతి కూడా చెప్పబోయింది.

"అది కాదక్కా. మామూలు దినాల్లో సాయంత్రం మీద పాప ఏమేం తింటాదో చెప్పు."

విజయదుర్గ కాస్త గర్వంగానే చెప్పింది. హోటల్లో ఆ దరిద్రం తినొచ్చినా, ఇంటికి రాగానే తను దగ్గర కూచుని అన్నం, పప్పు, నెయ్యి, వేపుడు, పెరుగు అన్నీ తినిపిస్తుంది. హుస్నా బీపీ మిషను మడతపెట్టడం ఆపేసింది.

"అంటే ఒకే పూట రెండు తూర్లా?"

"నూడుల్సు భోజనం కాదు కదా హుస్నా."

"ఆ సంగతి కడుపుకి ఎవురు చెప్పినారక్కా?"

హుస్నాయే నెమ్మదిగా చెప్పింది. హోటలు తిండిలో నూనె ఎక్కువ, ఉప్పు ఎక్కువ, అదేమీ అమృతం కాదు. కానీ అదొక్కటే తిని ఊరుకుంటే సరిపోయేది. దాని మీద ఇంకో నిండు భోజనం పడితే ఎవరి ఒళ్ళైనా పెరుగుతుంది, చైనాదైనా ఒకటే, కోనసీమదైనా ఒకటే. రెండూ మానేసి పస్తులుండటం అన్నిటికంటే చేటు. ఇంక పిల్ల ఒంటి గురించి ఇంట్లో ఒక్క మాట కూడా అనకండని చెప్పి, వాకిట్లో ఎవరి చెప్పులో వేసుకుని వెళ్ళిపోయింది.

తనకి తెలుసన్నాడు కుక్కుటేశ్వరరావు. రెండుసార్లు తింటోందని తెలిసీ, చెప్తే ఇంట్లో గొడవని ఊరుకున్నాడట. ఆయన వైపు చూసే ఓపిక కూడా లేదు విజయదుర్గకి. కూతురి పక్కన కూలబడింది.

"కడుపు నిండిందని ఒక్క మాట చెప్పొచ్చు కదే. ఎందుకు తిన్నావు?"

జ్యోతి పంచదార నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"నేను తినకపోతే నువ్వు తినవు కదమ్మా."

విజయదుర్గ చటుక్కున తలెత్తి చూసింది.

"నైన్త్‌లో ఒకసారి చెప్పేను, వద్దమ్మా నిండిపోయిందని. నువ్వు అన్నం తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకున్నావు. పొద్దున్న నీకు కళ్ళు తిరిగేయి, స్టవ్ దగ్గర. నీకు గుర్తులేదేమో. అప్పట్నుంచీ గొంతుదాకా ఉన్నా కూచునేదాన్ని. నువ్వు ఒక్కదానివే ఇంట్లో మా కోసం చూస్తుంటావని."

ఓకరింత తన్నుకొచ్చింది విజయదుర్గకి. పరిగెత్తి సింకు మీద వంగింది. నాలుగు సాయంత్రాలు పస్తున్న కడుపులోంచి ఏమీ రాలేదు. చెత్తబుట్టలో నూడుల్సు అలాగే ఉన్నాయి, కంపు కొడుతూనే ఉన్నాయి, కానీ ఇది వాటి వల్ల వచ్చింది కాదు. తన నోటి మీద తనకే రోత పుట్టింది. తను ఆకలికి ఓర్చుకుని ప్రేమ చూపిస్తున్నాననుకుంది. పిల్ల ఆకలి లేకుండా తిని ఆ ప్రేమ రుణం తీర్చింది. దానికి బదులుగా తనిచ్చింది ఒక ఛీ.

తిరిగొచ్చి కూతురి నడుం చుట్టూ చేతులు వేసి, అక్కడే మొహం దాచుకుని ఏడ్చింది. ఆదివారం పొద్దున ఛీ అన్నది ఆ నడుమునే. "తప్పైపోయిందే తల్లీ" అంది. జ్యోతి ముందు బిగుసుకుపోయింది, తర్వాత తల్లి జుట్టు మీద చెయ్యి వేసింది. ఆ పూట ఇద్దరూ చెరో గిన్నెడు మజ్జిగన్నం తిన్నారు. కుక్కుటేశ్వరరావు కలిపి పెట్టాడు. ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనలేదు.

డాక్టరు చూశాక, పిల్ల మళ్ళీ పొద్దున్న ఇడ్లీ తినడం మొదలుపెట్టాక, రెండు వారాలకి ఒక మంగళవారం. విజయదుర్గ ఏడింటికే ఒక్కతే బల్ల దగ్గర కూచుని అన్నం తినేసింది. మొదటి ముద్ద కలిపి, తలుపు వైపు ఒకసారి చూసి నోట్లో పెట్టుకుంది. మంచినీళ్ళు తాగి రెండో ముద్ద తింది. కంచం కడిగి బోర్లించి ఎదురుచూస్తూ కూచుంది.

ఏడున్నరకి తండ్రీకూతుళ్ళతో పాటే ఆ కంపూ లోపలికొచ్చింది. ఛీ, ఆ కంపుతో ఈ జన్మకి ఆవిడకి పొత్తు కుదరదు. చొక్కా రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి బకెట్లో పడేసి, మొహం సర్దుకుని వచ్చింది.

"తినేసొచ్చేవా?"

"తినేసేనమ్మా." జ్యోతి చూపు ఖాళీ బల్ల మీదకి పోయింది. "మరి నువ్వు?"

"నేనూ తినేశాను."

పిల్ల నమ్మలేదు. దగ్గరకొచ్చి తల్లి కుడిచెయ్యి పట్టుకుని వాసన చూసింది. సబ్బుతో కడుక్కున్నా వేళ్ళకి ఇంకా పప్పు, నెయ్యి వాసన ఉంది. జ్యోతి మొహం తేటపడింది. బ్యాగు కింద పెట్టి, ముందు కంచం లేకుండా తల్లికి ఎదురుగా కూచుంది.

"ఇవాళ అక్కడ ఏం చెప్పుకుని నవ్వుకున్నారే?" అని అడిగింది విజయదుర్గ.

మూడేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. జ్యోతి కుర్చీ ముందుకి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది.