సెర్వా అడగని కబురు

కుమాసి పట్నంలో ఆ పొద్దున సెర్వా నిలబడే గంజి తాగుతోంది. లాయరుగారి ఆఫీసులో ఆమె గుమాస్తా. వాయిదాల ఒత్తిడితో నిద్రపట్టక అల్లాడుతుంటే, ఆఫీసువాళ్లు ఒకాయనను పిలిపించి శిక్షణ ఇప్పించారు. కష్టమైన పని ముందు ముగించాలి. పొద్దున్నే కబుర్లు పెట్టుకోకూడదు. ఎవరొచ్చినా నేరుగా విషయం అడగాలి. పాటించింది. తలనొప్పి తగ్గింది, నిద్ర పట్టింది.

గుమ్మంలో తండ్రి అమంక్వా కనిపించాడు. చెప్పులకు ఊరి ఎర్రమట్టి.

"రా నాన్నా! ఏంటి విషయం? గబగబా చెప్పెయ్, కాగితాలు కోర్టుకి వెళ్లాలి."

ఆయన కూర్చుని ఆమె చేతులవైపు చూశాడు. వాళ్ల ఆచారం ప్రకారం, వచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, వచ్చిన పని అడగాలి. అడిగేదాకా పెద్దవాళ్లు నోరు విప్పరు. పెద్ద కబురు ఫోనులో అసలే చెప్పరు.

"ఏం లేదమ్మా. ఊరికే, చూసిపోదామని."

"అయితే ఆదివారం రా, తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆయన లేచి వెళ్లిపోయాక భర్త అడూసే స్నానం చేసి వచ్చాడు.

"మామయ్య గొంతు వినబడిందే! నీళ్లిచ్చావా?"

"టైమెక్కడిది? ఊరికే వచ్చాడట."

"మీ నాన్న ఊరికే బస్సెక్కే మనిషేనా? మేనల్లుడి పెళ్లికే మూడుసార్లు పిలిపించుకుని గానీ కదల్లేదు!"

సెర్వా నవ్వేసి సంచీ భుజాన వేసుకుంది.

ఆదివారం రాకముందే తల్లి పొకువా పోయింది.

ఊళ్లో తండ్రి చావింట కట్టే ఎర్రగుడ్డ కట్టుకుని వసారాలో కూర్చున్నాడు. సెర్వా వస్తూనే విరుచుకుపడింది.

"అమ్మకి అంతలా ఉందని ఒక్క మాట చెప్పలేకపోయావా? నీ ఎదురుగానే నిలబడ్డాను కదా!"

"నిలబడే ఉన్నావమ్మా," అన్నాడాయన.

ఆమె మెట్టుమీద కూలబడింది.

"నిన్ను ఒక్కసారి చూడాలనుందంది మీ అమ్మ. ఆ మాటే మోసుకొచ్చాను. నువ్వు అడగలేదు, నేను దించలేదు. నీకు తొందర, నాకు పంతం. మధ్యలో మీ అమ్మ."

చాలాసేపటికి ఆయన లోపలికి వెళ్లి, సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగేదాకా ఆగి ఎదురుగా కూర్చున్నాడు. ఇంటివాడు అనాల్సిన మాట మొదలుపెట్టాడు.

"ఇక్కడంతా చల్లగా..."

ఆ మాట అక్కడే వదిలేశాడు. మిగతాది పూర్తిచేశాడు.

"దారిన పడి వచ్చింది నువ్వు. కబురేంటో చెప్పు తల్లీ."

సెర్వా ఆయన మోకాలిమీద తల ఆనించింది.

"అమ్మని చూసిపోదామని వచ్చాను నాన్నా."