వరసలో చివరి మనిషి

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి కాస్త లోపలికి వెళితే, అద్దాల ఆఫీసుల వెనకాల ఇంకా బిల్డర్ల చేతికి చిక్కని అడవి ముక్క ఒకటుంది. దాని నడుమ ఓ పాడుబడ్డ బావి. పగలైతే అక్కడేమీ ఉండదు... పావురాలు, నాలుగు తొండలు, అంతే. పొద్దుగూకిందంటే మాత్రం అటువైపు కుక్క కూడా పోదంటారు.

అక్కడి వాచ్‌మన్ వీరేశం ఇరవై ఏళ్ళుగా చెప్పే మాట ఒకటే.

"చీకట్ల ఆ బాయికాడ ఎవ్వల్నీ పిలువద్దు బిడ్డా. పిలిస్తే... పలుకుతది."

ఏం పలుకుతుందయ్యా అంటే చెప్పడు. బీడీ ఆర్పేసి లేచిపోతాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమని మాత్రం ఇప్పుడు నవ్వదు. ఆమె నోటివెంట విన్నవాళ్ళు చెప్పుకునేది ఇదీ.

ఆమని వాళ్ళుండేది మియాపూర్‌లో. నాన్న భీమేశ్వరరావు గారు కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కొనుక్కున్న గవర్నమెంటు ఉద్యోగి. బోటనీ చదివిన కూతురు, బడి పిల్లల్ని ఆ అడవిలో తిప్పి చెట్లూ పిట్టలూ పరిచయం చేసే ఇంటర్న్‌షిప్‌లో చేరతానంటే ఆయన మూడు నెలలు గడువిచ్చారు.

"తర్వాత వాళ్ళు ఉద్యోగమిస్తే సరే. ఇవ్వకపోతే మారు మాట్లాడకుండా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాలి తల్లీ," అన్నారు.

ఉన్నదేమో ఒకటే ఉద్యోగం. ఇంటర్న్‌లు ఇద్దరు. ఆ రెండో అమ్మాయి దివ్య.

ఆ దివ్య ఉందే... వాళ్ళ నాన్న రామాంజనేయులు కడప నుంచి వచ్చి ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. రోజూ కారులో తెచ్చి దింపుతాడు. ఉద్యోగం రాకపోతే ఆ పిల్లకి పోయేదేమీ లేదు. పైగా కానుగకీ మోదుగకీ తేడా తెలీదు! ఇక్కడ ఆమని ప్రతి చెట్టు శాస్త్రీయ నామం బట్టీపట్టి, రాత్రింబవళ్ళు కూర్చుని నలభై పేజీల పుస్తకం రాసిపెట్టింది. ఏం లాభం? దివ్య మోకాళ్ళ మీద కూర్చుని, "ఈ చీమ యాడికి పోతాండాదబ్బా?" అందంటే చాలు, పిల్లలు ఈగల్లా మూగేవాళ్ళు. దివ్యక్కా దివ్యక్కా అని ఒకటే గోల. ఆమని పేరైతే ఒక్కళ్ళకీ గుర్తుండేది కాదు.

చూసి చూసి ఆమనికి కడుపు రగిలిపోయేది. ఆ పిల్ల నవ్వినా మంటే, నవ్వకపోయినా మంటే.

ఆఖరి శనివారం రానే వచ్చింది. డిసెంబరు చలి. ఆరున్నరకే చిక్కటి చీకటి. బోరబండ బడి నుంచి పదహారు మంది ఆరో తరగతి పిల్లలు నైట్ వాక్‌కి వచ్చారు. సంస్థ నడిపే స్వప్న మేడమ్ కూడా వెంట నడుస్తారట. ఈ నడక చూశాకే ఇద్దరిలో ఎవరిని ఉంచుకోవాలో తేలుస్తారట.

చీకట్లో పిల్లల్ని నడిపించడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. వరసకి ముందు నడిచేవాళ్ళు తల, చివర నడిచేవాళ్ళు తోక. వరస ఆగి మళ్ళీ బయల్దేరే ముందు తల మెల్లగా "తోకా?" అని పిలవాలి. తోక "ఉన్నా" అనాలి. ఆ మాట వినపడకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. ఇక తోకగా ఉన్నవాళ్ళు ఆకాశం ఊడిపడినా ఆఖరి పిల్ల చెయ్యి వదలకూడదు.

"దివ్య తల. ఆమని తోక," అన్నారు స్వప్న మేడమ్.

ఇవాళ కూడా తోకేనా! ఆమనికి ఒంటికి కారం రాసినట్టయింది. పళ్ళు బిగబట్టి, దివ్య వైపు ఒక చూపు చూసి వెనక్కి పోయి, ఆఖరున ఉన్న రవళి అనే పిల్ల చెయ్యి పట్టుకుంది.

బావి గోడల్లో గుడ్లగూబలు కాపురముంటాయి. వాటి అరుపులు వినడానికి అక్కడ టార్చీలన్నీ ఆర్పేసి ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడాలి. దివ్య చెయ్యెత్తింది. టార్చీలు ఆరిపోయాయి.

చీకటి... కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

సరిగ్గా అప్పుడే ఆమని బుర్రలో పురుగు తొలిచింది. బావికి అవతలి పక్కకి పోయి, ఒక రాయి లోపలికి విసిరి, గట్టిగా ఒక్క కేక పెడితే? పదహారు మంది పిల్లలూ గగ్గోలెత్తిపోతారు. దివ్య నవ్వులు ఎక్కడికి పోతాయో మేడమ్ కళ్ళారా చూస్తారు. ఎంతసేపు పని? రెండు నిమిషాలు!

రవళి వేళ్ళలోంచి తన చెయ్యి మెల్లగా లాగేసుకుంది. ఒక అడుగు... ఇంకో అడుగు... చప్పుడు కాకుండా బావి చుట్టూ తిరిగి అవతలికి చేరింది. తడుముకుంటే పిడికెడు రాయి దొరికింది. దివ్య మీదున్న కసంతా ఆ చేతిలోకి వచ్చింది.

చెయ్యి ఎత్తింది—

"తోకా?"

దివ్య గొంతు! ఐదు నిమిషాలు అప్పుడే అయిపోయాయా?

ఇక్కడి నుంచి పలికితే దొరికిపోతుంది. పలక్కపోతే వెతుకుతారు. ఏం చెయ్యాలో పాలుపోక నోరు తెరిచేలోపే—

"ఉన్నా..."

తను నిలబడాల్సిన చోటు నుంచే వచ్చింది ఆ మాట. ఆడగొంతు. చాన్నాళ్ళ తర్వాత నోరు విప్పినట్టు బొంగురుగా ఉంది.

వరస కదిలింది. పిల్లల అడుగులు టపటపమని సాగాయి. వాటి వెనకాల... ఇంకో జత అడుగులు. అంతలో బావి గట్టు మీది రాళ్ళు జారిన చప్పుడు. రవళి "అమ్మా" అనబోయి ఆగిపోయింది. ఆ వెంటనే గుసగుస...

"భయం లేదు... నడువు బిడ్డా."

ఆమని చేతిలో రాయి కాళ్ళ దగ్గర పడింది. ఇక అక్కడ నిలబడలేదు. పిచ్చిదానిలా ముళ్ళ తుప్పల్లో పడి, చున్నీ చిరిగి, అడ్డదారిన గేటు దగ్గరికి పరిగెత్తింది. వరస అప్పుడే అక్కడికి చేరుతోంది. రవళి వెనక ఎవరూ లేరు. ఆమని గబుక్కున ఆ చోట్లో దూరింది.

దివ్య తలలు లెక్కపెట్టింది. పదహారూ ఉన్నాయి.

రవళి వచ్చి ఆమని చెయ్యి పట్టుకుని తలెత్తి చూసింది. "అక్కా, మీ చెయ్యి ఇప్పుడు వెచ్చగైంది. ఇందాక ఐసు లెక్క ఉండె!"

ఇంతలో స్వప్న మేడమ్ వచ్చి భుజం మీద చెయ్యేశారు.

"నేను వరస పక్కనే నడుస్తున్నా ఆమనీ, చీకట్లో నీడల్లాగైనా చూశాను. పాప కాలు జారి బావిలో పడబోతే ఒంటిచేత్తో లాగేశావు. అరవలేదు, కంగారు పడలేదు. పాపని కూడా బెదరనివ్వలేదు. నాకు కావలసింది అలాంటి మనిషే. సోమవారం వచ్చి సంతకం పెట్టెయ్."

దివ్య వచ్చి గట్టిగా వాటేసుకుంది. "నీకే రావాల్సిందిలేబ్బా," అంది. ఆ గొంతులో ఇసుమంతైనా ఈర్ష్య లేదు. అదీ ఆమనికి గుచ్చుకుంది.

'అది నేను కాదు మేడమ్'... మాట గొంతు దాకా వచ్చింది. కానీ చెబితే? పిల్లని వదిలేసి ఎటు పోయావని అడుగుతారు. ఉద్యోగం దివ్యకి పోతుంది. తను కంప్యూటరు ముందు కూర్చుంటే, ఈ చెట్ల కింద ఆ దివ్య...

మింగేసింది.

"థాంక్యూ మేడమ్," అంది. "నా పని నేను చేశానంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే, రవళి వేళ్ళు ఆమని చేతిని బిగించి పట్టుకున్నాయి. పిల్ల ఆమని వెనకున్న చీకట్లోకి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"అక్కా... గామె ఎవరు?"

"ఎవరూ లేరే..."

"మీ ఎనకనే నిలవడ్డది. మేడమ్ మిమ్మల్ని మెచ్చుకున్నకాడ్నుంచి మిమ్మల్నే చూస్తుంది. గట్ల చూస్తుందేందక్కా?"

ఆమనికి వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది.

"ఎలా... ఎలా చూస్తోంది?"

రవళి దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"జర సేపటి కింద మీరు దివ్యక్క దిక్కు చూసిన్రు గదా... గట్లనే."