ఆరున్నరకి చచ్చినవాడు

తొమ్మిదేళ్లుగా డ్రైవర్‌ని ఒకటే అనుమానం తొలిచేస్తోంది.

ఆ రోజు జీపు అద్దంలో తను చూసింది నిజమేనా? పోలీసు స్క్వాడ్ కాల్చిన ఆ మొదటి మనిషి చేతులు పైకెత్తాడా... ఎత్తలేదా?

మసక వెలుతురు, సరిగ్గా కనబడలేదులే అని సర్దిచెప్పుకున్నాడు. రోజూ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా అదే చెప్పుకున్నాడు.

"తొక్కరా!"

పక్క సీట్లోంచి ఇన్‌స్పెక్టర్ కేక!

జీపు గతుకులో ఎగిరిపడుతుంది. స్పీడు ముల్లు తొంభై దాటుతుంది.

ఇన్‌స్పెక్టర్ అతనికి సొంత అన్నయ్య. వెనక సీట్లో చేతులకి బేడీలతో ఉన్నది సొంత బావ.

అక్క మొగుడు!

బావ పక్కన తుపాకీ పట్టుకుని ఒక కానిస్టేబుల్. స్టేషన్లో అందరూ బండ అంటారు.

"ఎక్కడికి సార్?" డ్యూటీలో అన్నయ్యని అలాగే పిలవాలి.

"క్వారీకి."

క్వారీకి వెళ్లిన జీపు ఎప్పుడూ ఒక మనిషి తక్కువగానే తిరిగొచ్చింది.

"అన్నయ్యా... అక్క మొగుడు అన్నయ్యా!"

"నా చెల్లెలి మొగుడని నువ్వు చెప్పాలా నాకు? రేపు జడ్జి ముందు నిలబడి నా మీద సాక్ష్యం చెబుతాడట! ఇంటి అల్లుడని నెత్తిన పెట్టుకుంటే..."

వెనక నుంచి బావ నవ్వుతాడు. ఎండిపోయిన నవ్వు.

"నెత్తిన ఎక్కడ పెట్టుకున్నారు బావగారూ? మీరు పంపే శవాలు కడగడానికే సరిపోయింది నా బతుకు."

బావ పనిచేసేది పెద్దాసుపత్రి శవాల గదిలో. ఇన్‌స్పెక్టర్ ‘ఎదురుకాల్పుల్లో’ పోయినవాళ్లందరినీ కడిగి, కుట్టి, వాళ్లవాళ్లకి అప్పగించింది ఆ చేతులే.

"నేను చంపినోళ్లు మనుషులట్రా?" ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి పళ్లు కొరుకుతాడు. "కోర్టులు పదేళ్లు నాన్చేది నేను పది నిమిషాల్లో తేల్చాను. జనం దండలేశారు నాకు!"

"మరి ఆ మొదటివాడి అరచేతిలో కన్నం ఎందుకుంది?" బావ గొంతు లేస్తుంది. "రెండు అరచేతుల్లోనూ! చుట్టూ చర్మం కమిలిపోయి! అంత దగ్గర నుంచి కాలిస్తే... చేతులు ఎత్తి అడ్డం పెట్టుకున్నాడు పాపం. ఇక తుపాకీ దేంతో పేల్చాడు బావగారూ? కాళ్లతోనా?"

యాక్సిలరేటర్ మీద డ్రైవర్ కాలు సడలుతుంది.

చేతులు ఎత్తాడు!

అద్దం అబద్ధం చెప్పలేదు. తనే చెప్పుకున్నాడు... తొమ్మిదేళ్లు!

కీచ్!

బ్రేక్ పడుతుంది. ఎదురుగా రైలు గేటు వేసేసి ఉంది. గూడ్సు బండి తాపీగా కదులుతోంది. చుట్టూ రెండు బస్సులు, స్కూటర్లు. రోడ్డు పక్కన టీ కొట్టు, కొట్టులో గోడకి టీవీ.

"టైమెంత?"

"ఆరూ ముప్పైరెండు సార్," అంటాడు బండ.

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

స్క్వాడ్ పద్ధతి ఒకటుంది. మనిషిని జీపెక్కించకముందే పత్రికలకి ప్రకటన రాసేస్తారు. సరిగ్గా ఆరున్నరకి స్టేషన్ రైటర్ దాన్ని పంపేస్తాడు, సాయంత్రం వార్తలకి అందేలా. ఎవరూ ఫొటోలు తీయకుండా ఫోన్లన్నీ స్టేషన్ సొరుగులోనే ఉంటాయి.

ఇన్నేళ్లలో గేటు పడటం ఇదే మొదటిసారి. ఆపమని చెప్పడానికి జేబులో ఫోను లేదు!

"ఎదురుకాల్పుల్లో మత్తుమందుల వ్యాపారి మృతి!"

టీవీ అరుస్తోంది.

తెర నిండా బావ మొహం.

ఆ ఫొటో డ్రైవర్‌కి తెలుసు. అక్క పెళ్లి ఫొటో. అక్కని కత్తిరించేశారు. బావ భుజం మీద అక్క వేళ్లు మాత్రం మిగిలిపోయాయి.

ఇంట్లో గోడ మీద ఉన్న ఫొటో... అన్నయ్యే ఇచ్చాడు!

"పోయానన్నమాట," బావ తెరకేసి చూస్తూ గొణుగుతాడు. "మీ అక్క వార్తలు చూస్తూ ఉంటుందిరా..."

డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. తాళం చెవి లాగి రైలు పట్టాల మీదకి విసిరేస్తాడు!

"ఏయ్! ఏం చేస్తున్నావురా?"

డ్రైవర్ కిందకి దూకి వెనక తలుపు తెరుస్తాడు. బావ చెయ్యి పట్టుకుని కిందకి లాగుతాడు.

"బండా, ఆపరా వాణ్ణి!"

బండ టీవీ చూస్తాడు. బేడీల మనిషిని చూస్తాడు. కదలడు.

"చూడండయ్యా!" టీ కొట్టు ముందు డ్రైవర్ గొంతు చించుకుంటాడు. "ఆ టీవీలో చచ్చిపోయినవాడు ఇతనే! బతికుండగానే చంపేశారు! ఫోన్లు తీయండి!"

ఒక ఫోను లేస్తుంది. తర్వాత పది. ఇరవై!

జీపు దిగిన ఇన్‌స్పెక్టర్ చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"తప్పుకో! నాన్న పోయాక నిన్ను పెంచింది నేనురా, కుక్కా!"

"పెంచావు!" డ్రైవర్ బావకి అడ్డంగా నిలబడతాడు. "చెప్పిన చోటికల్లా జీపు తోలాను. చూసింది చూడలేదన్నాను. నీ రుణం తీరిపోయింది అన్నయ్యా! ఇక అక్క రుణం తీర్చుకోవాలి!"

ఢాం!

డ్రైవర్ కళ్లు మూసుకుంటాడు. నొప్పి లేదు. వెనక గాజు పెంకులు రాలుతున్నాయి.

"అయ్యయ్యో, నా టీవీ!" టీ కొట్టువాడు నెత్తి బాదుకుంటాడు.

గూడ్సు వెళ్లిపోయింది. గేటు లేచింది. ఒక్క బండీ కదల్లేదు.

"నేను బతికే ఉన్నాను," బావ ఫోన్లకేసి తిరుగుతాడు. "శవాల గదిలో పని నాది. జడ్జిగారికి రేపు చెప్పేదేదో ఇప్పుడే చెబుతాను. మొదటివాడు..."

పిస్టల్ మళ్లీ లేస్తుంది. ఈసారి గురి నేరుగా బావ నుదుటికి!

టక్.

వెనక నుంచి తుపాకీ ఎక్కుపెట్టిన చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ మెడకి చల్లటి గొట్టం ఆనింది.

"దించండి సార్," అన్నాడు బండ. "ఆయన అయ్యాక నేనూ చెప్పాలి."