తాళం వేసిన చుట్టిల్లు

దువ్వాడ దాటాక, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన ఊళ్ళలో ఒకచోట ఒక్క చుట్టిల్లు మిగిలింది. గుండ్రటి మట్టిగోడ, మోకాలి ఎత్తుదాకా వాలిన తాటాకు చూరు. ఊరంతా నేలమట్టం చేసి, పాతకాలపు ఇల్లు ఎలా ఉండేదో జనం చూడాలని దీన్నొక్కదాన్నే ఉంచారు. చుట్టూ ముళ్ళకంచె, తలుపుకి తాళం, ముందొక బోర్డు.

పగలు చూడ్డానికి వచ్చేవాళ్ళు వచ్చేవారు. చీకటి పడితే మాత్రం అటువైపు కుక్క కూడా పోయేది కాదు. దెయ్యాల కొంపని పేరు పడిపోయింది. ఇద్దరు వాచ్‌మన్లు నెల తిరక్కుండానే మానేశారు.

మూడోవాడు భీమశంకరరావు. అమలాపురం నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఇది నాకు చెప్పింది ఆయనే. నాకు దెయ్యాల మీద ఏ కోశానా నమ్మకం లేదు. అయినా ఆయన చెబుతుంటే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, దాచడమెందుకు!

పాత వాచ్‌మన్ ఎల్లారావు వెళ్ళిపోతూ, తాళంచెవి ఈయన చేతిలో పెట్టి గుసగుసగా అన్నాడట –

"రాత్రి గోడ సప్పుడొస్తే బయటికి రాకు బావా... లోన ఎవులో ఉన్నారు."

అది ఎనభై మూడు, తొలకరి రోజులు. సోమవారం ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. అంతా సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు, ఇంటికి ఏమైనా అయితే నువ్వూ ఇంటికేనని ఆఫీసరు ముందే చెప్పాడు. భార్య కాంతానికి నెలలు నిండుతున్నాయి. ఈ ఉద్యోగం తప్ప మరో దారి లేదు.

శనివారం వాన కొట్టింది. పడమటి గోడన చేటంత మట్టిపెళ్ళ ఊడిపడింది.

పెంకుటింట్లో పుట్టిన మనిషి, మట్టి కలపడం ఆయనకేం తెలుసు? ఆ రాత్రి కంచె పక్క షెడ్డులో తల పట్టుకు కూర్చున్నాడు.

థప్...

చెవులు రిక్కించాడు. ఏమీ లేదు.

థప్... థప్...

తడిగోడని ఎవరో అరచేత్తో చరుస్తున్నట్టు... దుప్పటి ముసుగేసి, తెల్లవార్లూ ఆంజనేయుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాడు.

పొద్దున్న వెళ్ళి చూస్తే – గోడకి గొయ్యి లేదు. కొత్త మట్టి. దాని మీద నాలుగు వేళ్ళ చార. తలుపుకి తాళం వేసినట్టే ఉంది.

సంతోషించాలో, పారిపోవాలో తెలియలేదంటాడు భీమశంకరరావు.

ఆదివారం రాత్రి చప్పుడు రాలేదు. హమ్మయ్య అనుకుని బయటికి తొంగిచూశాడు. 

తాళం వేసిన ఇంటి కప్పులోంచి... పొగ.

ఇల్లు అంటుకుంటే? తెల్లారితే పెద్దవాళ్ళు! దెయ్యం భయం ఒకవైపు, కాంతం మొహం ఒకవైపు. టార్చి పట్టుకుని పరుగెత్తాడు. తాళంచెవి రెండుసార్లు కిందపడింది. మూడోసారికి తాళం ఊడింది. వంగి లోపలికి అడుగుపెట్టాడు.

పొగ... కుంపట్లో పిడకల ఎర్రటి నిప్పు. గోడవారన ఒంగి ఏదో ఉంది. నెరిసిన జుట్టు విరబోసుకుని, మోచేతిదాకా నల్లగా ఉన్న చెయ్యి పైకెత్తి... ఆ చెయ్యి ఆగింది. తల మెల్లగా ఇటు తిరిగింది.

"లైటు ఆపు బాబూ..."

టార్చి జారిపోయింది. "ఎ... ఎవరండీ?"

"అరవకు. నాను చిలకమ్మని. ఈ ఇల్లు నాదే."

అక్కడే చతికిలబడ్డాడు. దెయ్యాలు దగ్గవు. ఈవిడ పొగకి దగ్గుతోంది.

"తాళం వేసుంటే ఎలా వచ్చారండీ?"

వెనక చూరు చూపించింది. దాని చాటున చిన్న దొడ్డిగుమ్మం. తాళం వేసినవాళ్ళకి అది కనబడనే లేదు.

"పగలొచ్చి అలుకుతానంటే తగిలేసినారు. ముట్టుకోకూడదంట! పొగ ఎయ్యకపోతే తాటాకుకి చెద పట్టదా? అలకకపోతే గోడ నిలబడతాదా? తాళం ఏసి ఇంటిని సంపేత్తన్నారు."

రెండు కోసుల దూరంలో, ఊరు ఖాళీ చేసినవాళ్ళకిచ్చిన కాలనీ నుంచి చీకట్లో ఒక్కతే నడిచొచ్చి, కంచె సందులోంచి దూరుతోందట. భయం వెయ్యదా అని అడిగాడు.

"నా ఇంట్లో నాకు బయ్యమేటి?" అని మళ్ళీ మట్టి చేతిలోకి తీసుకుంది. "రేపు పెద్దోళ్ళొత్తన్నారట గదా బాబూ. అలకని ఇల్లు సూసెల్తే... ఈ ఇంటి ఆడది ఒట్టి బద్దకపుదని అనుకోరా?"

ఆ మాటకి తనకి ఏడుపొచ్చేసిందన్నాడు. బోర్డు మీద ఆవిడ పేరైనా లేదు. అయినా ఆవిడకి వాళ్ళంతా తన ఇంటికొచ్చే చుట్టాలే! చొక్కా చేతులు మడిచి, తెల్లవారుజాముదాకా మట్టి అందించాడు.

సోమవారం పెద్దవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. మరుసటి నెలకే పర్మనెంటయి భీమశంకరరావు మెయిన్‌గేటుకి మారాడు.

కొత్త వాచ్‌మన్ పోలిరాజుకి తాళంచెవి అప్పగిస్తూ ఏం చెప్పావని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"రాత్రి గోడ చప్పుడొస్తే బయటికి రాకండి... లోపల ఎవరో ఉన్నారండి."